జాబితాలో లేని కార్డు

మనుషులను గడుల్లో వేయడం ఎంత తేలికో జ్ఞానమ్మకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆమె తాత మోర్తాడ్‌లో మెథడిస్టు పాస్టరు చేత బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఇల్లు మారలేదు, వాడ మారలేదు, ఊరి పెద్దలు ఆయనను పిలిచే పిలుపు మారలేదు. సర్కారు కాగితంలో మాత్రం ఆ కుటుంబం ఒక గడిలో నుంచి ఇంకొక గడిలోకి వెళ్లింది. ఎస్సీ అని ఉండవలసిన చోట బీసీ-సి అని వచ్చింది. దానితో హాస్టల్ సీటు, చదువుకు సాయం, ఉద్యోగంలో వాటా అన్నీ సన్నగిల్లాయి. అవమానం ఒక్కటే పాత గడి ప్రకారం ఏ లోటూ లేకుండా అందుతూ వచ్చింది. మతం మారితే వెలి కూడా మాసిపోతుందని ఏ ఆధారంతో నిర్ణయించారో చెప్పగలిగిన అధికారి ఆ ఇంటివాళ్లకు మూడు తరాలలో ఒక్కడూ తారసపడలేదు.

జ్ఞానమ్మ తల్లి శారమ్మ నిజామాబాద్ పసుపు యార్డులో కూలి. మార్చి వచ్చిందంటే నందిపేట్ నుంచి, ఆర్మూర్ నుంచి, మోర్తాడ్ నుంచి బండ్లకు బండ్లు పసుపు వచ్చి యార్డులో గుట్టలు పడేది. ఆ గుట్టల ముందు కూర్చుని కొమ్ము ఒక పక్కకు, గుండ్రటి గోళ ఒక పక్కకు, విరిగిన చూర ఒక పక్కకు వేరుచేయడం శారమ్మ పని. సెలవుల్లో తల్లి పక్కన కూర్చున్న జ్ఞానమ్మ మొదటి రోజే తప్పు చేసింది. సంచికి కుట్టిన చీటీ మీద కొమ్ము అని చదివి, సంచిని సంచిగానే కొమ్ముల గుట్టలో కుమ్మరించింది. చదువు వచ్చిన పిల్ల కదా.

"చీటీ రాసినోడు లోపల పసుపు సూసిండో లేదో నీకెర్కనా?" అన్నది శారమ్మ, కసరకుండానే. "చేతుల వట్టుకో. బరువు సూడు. ఇరిచి లోపలి రంగు సూడు. గప్పుడు ఏ గుట్టలెయ్యాల్నో గదే చెప్తది."

పచ్చబడిన ఆ చేతుల సంపాదనతోనే జ్ఞానమ్మ బీకాం అయ్యింది. ఖలీల్‌వాడీలో మేడ మీద ఉన్న ఒక కేంద్రంలో ఆరు నెలలు డేటాబేసు నేర్చుకున్నది. 2001 చలికాలంలో బోధన్ అవతల ఉన్న ఒక ప్రైవేటు చక్కెర మిల్లులో, గుత్తేదారు కింద, డేటా ఆపరేటరుగా చేరింది. ఎనభైల్లో ఎవరో కంపెనీవాళ్లు పెట్టిన చిన్న మిల్లు అది. చెరుకు ఆడే నాలుగైదు నెలలు అక్కడ పగలూ రాత్రీ తేడా ఉండదు. మిగతా నెలలు యార్డులో గడ్డి మొలుస్తుంది.

జ్ఞానమ్మ చేరేనాటికి మిల్లులో ముప్పై ఎనిమిది యంత్రాలు ఒకే నెట్‌వర్కులో కలిసి ఉన్నాయి. చెరుకు తూచే కాంటాల దగ్గరివి కొన్ని, గేట్ల దగ్గర టోకెన్లు ఇచ్చేవి కొన్ని, ఆఫీసువి కొన్ని, ప్రింటర్లు కొన్ని. ప్రతి దానిలోనూ అరచేతిలో పట్టే ఒక పచ్చటి బిళ్ల ఉంటుంది. దాన్ని నెట్‌వర్క్ కార్డు అంటారు. ఒక్కొక్క కార్డుకూ పన్నెండు అక్షరాల సంఖ్య ఒకటి పుట్టుకతోనే వస్తుంది. సర్వరు అనే పెద్ద కంప్యూటరుకు యంత్రం కనబడదు, యార్డు కనబడదు, మనిషి కనబడడు. ఆ సంఖ్య ఒక్కటే కనబడుతుంది.

ఆ తీగలన్నింటికీ దిక్కు దేవిదాస్. ధర్మాబాద్ వైపు నుంచి వచ్చి బోధన్‌లో స్థిరపడిన మరాఠీ మనిషి, యాభై దాటినవాడు. 1986లో టెలిఫోను తీగలు లాగడానికి వచ్చాడు. తరువాత పిలుపు గంటల తీగలు, ఆ తరువాత కంప్యూటరు తీగలు అతని చేతికే వచ్చాయి. 2004 దాకా పద్దెనిమిదేళ్లలో మిల్లుకు గుత్తేదారులు ఐదుగురు మారారు. దేవిదాస్ మారలేదు. అయినా ఏ మస్టరులోనూ, అంటే హాజరు పట్టీలోనూ, అతని పేరు లేదు. అడిగినప్పుడల్లా, అతను మా మనిషి కాదు, గుత్తేదారు మనిషి అని మిల్లు జవాబు. గుత్తేదారును అడిగితే, నేను మొన్న వచ్చినవాణ్ణి, అతను నాకన్నా ముందునుంచి ఉన్నాడని ఆయన జవాబు. రెండు జవాబులూ వేర్వేరుగా వింటే సబబుగానే ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే పని ఎవరూ పెట్టుకోలేదు.

జ్ఞానమ్మ చేరిన మొదటి వారంలోనే, క్యాంటీన్ నడిపే సత్తవ్వ ఆమె కోసం అంచు సొట్టపోయిన ఒక స్టీలు గ్లాసును వేరుగా పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అక్కడి పద్ధతి. అది నేరమని చెప్పే చట్టం 1955 నుంచి ఉంది. క్యాంటీన్ గోడ మీద చెరుకు రకాల పటం ఉంది గాని, ఆ చట్టం ప్రతి లేదు.

మరునాడు పది గంటల చాయ్ వేళ దేవిదాస్ ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"సత్తవ్వా, గీ గ్లాసు నా చేతికి మంచిగ కుదిరింది. ఛాయ్ గిండ్ల పొయ్యి."

"గది నీది కాదు కాక."

"మరెవరిది? పేరు చెక్కిచ్చిండ్రా?"

సత్తవ్వ తల తిప్పుకున్నది. ఆ సీజనంతా దేవిదాస్ ఆ సొట్ట గ్లాసులోనే చాయ్ తాగాడు. జ్ఞానమ్మకు అందరి గ్లాసుల్లో నుంచి ఒకటి వచ్చేది. ఉగాది నాటికి ఆ గ్లాసు కూడా కుప్పలో కలిసిపోయింది. దాని గురించి దేవిదాస్ ఆమెతో ఒక్కనాడూ మాట్లాడలేదు. ఆమె కూడా కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆ అవమానాన్ని పేరు పెట్టి ఎత్తాలి. అది ఇద్దరికీ ఇష్టం లేదు. ఆమె చేయగలిగింది ఒకటే. అతను తీగ చివర ఎనిమిది రంగుల పోగులను ఏ వరుసలో పేర్చాలో నేర్పిస్తుంటే బుద్ధిగా నేర్చుకున్నది. అతని భార్య గంగుబాయి కట్టి పంపిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా అతను సగం చేసి ఇస్తే తిన్నది. ఈ మిల్లులో తనకు నిలువ నీడ దొరికింది ఈ మనిషి వల్లనే అని లోలోపల రోజూ అనుకున్నది.

2003 నవంబరులో మిల్లు ఒక కొత్త ఏర్పాటు చేసింది. అంతవరకు గేటు దగ్గర మనిషి కూర్చుని, వచ్చిన బండికి వచ్చిన వరుసలో టోకెను రాసి ఇచ్చేవాడు. ఇక మీదట సర్వరే టోకెన్లు పంపాలన్నారు. లారీలకు ఒక గేటు, ఎడ్లబండ్లకూ ట్రాక్టర్లకూ ఇంకొక గేటు. ఏ టోకెను ఏ గేటుకు వెళ్లాలో సర్వరుకు తెలియాలి కనుక, ముప్పై ఎనిమిది కార్డుల సంఖ్యలూ రాసి, ఇది కాంటా, ఇది లారీ గేటు, ఇది బండ్ల గేటు అని జాబితా చేయమని కంప్యూటర్ విభాగం అధికారి జ్ఞానమ్మకు చెప్పాడు. ఆమె ఒక్కొక్క యంత్రం దగ్గరకూ వెళ్లి, తెర మీద సంఖ్య చూసి, పుస్తకంలో రాసుకుని, డేటాబేసులో ఎక్కించింది. ఎందుకు రాసుకుంటున్నావని ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

జనవరి చివరి సోమవారం బాయిలర్లు కడగడానికి మిల్లు ఒక పూట ఆపారు. మంగళవారం తెల్లవారి మళ్లీ నడిపారు. అప్పుడు మొదలయ్యాయి అసలు తిప్పలు. బండ్ల వరుసకు రావలసిన టోకెన్లు లారీ గేటులో అచ్చయ్యాయి. చేతికి వచ్చిన టోకెను చూపించి లారీలు లోపలికి పోయాయి. ఎడ్లబండ్లు అరవై నాలుగు, ట్రాక్టర్లు కాక, మధ్యాహ్నం దాకా అడుగు కదలలేదు. కోసిన చెరుకు ఎండలో నిలబడితే గంట గంటకూ బరువు తగ్గుతుంది. ఎడ్ల సంగతి చెప్పనక్కరలేదు.

"లారీలోళ్ల చెరుకు చెరుకు, మాది గడ్డా?" అని హన్మండ్లు అనే రైతు గేటుకు అడ్డంగా తన బండి తిప్పాడు. అతని వెనుక మిగతావాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. మేనేజరు వచ్చి దండం పెట్టి, టోకెన్లు మళ్లీ చేతితో రాయిస్తానని చెప్పవలసి వచ్చింది. రైతుల ముందు దండం పెట్టిన మేనేజరు, ఆ దండానికి బదులు తీర్చుకోవడానికి ఒక మనిషిని వెతకడం మొదలుపెట్టాడు.

బుధవారం పొద్దున అధికారి జ్ఞానమ్మను పిలిచాడు. నెట్‌వర్కులో ఏమేమి ఉన్నాయో రకాల వారీగా పట్టిక కావాలన్నాడు. ఆమె క్వెరీ రాసింది. క్వెరీ అంటే డేటాబేసును అడిగే ప్రశ్న. నిన్న సర్వరుతో మాట్లాడిన కార్డులన్నీ తీయి, నవంబరు జాబితాతో పోల్చు, ఏ గుంపువి ఆ గుంపులో వెయ్యి, ఏ గుంపుకూ చెందనివి ఉంటే జాబితాలో లేనివి అని విడిగా చూపించు అని ఆమె అడిగింది. అయిదు గుంపులు వచ్చాయి. చివరి గుంపులో ఒకే ఒక కార్డు. ఆమె పట్టిక అచ్చుతీసి ఇచ్చింది. ఆ కార్డును వెతికితే ఉత్తరపు యార్డులో, దేవిదాస్ పనిముట్లు పెట్టుకునే గది పక్కనున్న కాంటా యంత్రంలో దొరికింది.

శుక్రవారం దేవిదాస్‌కు అభియోగ పత్రం అందింది. బయటి పరికరాన్ని మిల్లు నెట్‌వర్కులో చేర్చి, టోకెన్ల వరుస తారుమారు చేసి, లారీ యజమానులకు లాభం కలిగించినట్లు ఆరోపణ. ఆధారం, జ్ఞానమ్మ ఇచ్చిన పట్టిక. విచారణ వచ్చే మంగళవారం. అంతవరకు గేటు లోపలికి రాకూడదు.

ఆ సంగతి ఆమెకు క్యాంటీన్‌లో సత్తవ్వ చెప్పింది. "నీ కాగితం వట్టుకునే ముసలాయనను ఎల్లగొట్టిండ్రట గద, జ్ఞానక్కా. నిజమేనా?"

జ్ఞానమ్మ చాయ్ తాగకుండానే గ్లాసు పెట్టి లేచింది. ఆమె ఇచ్చిన పట్టికలో అబద్ధం లేదు. ఆ కార్డు జాబితాలో లేదు, అంతే. జాబితాలో లేకపోవడం ఏనాటి నుంచి నేరమైంది? ఆ లెక్కన దేవిదాస్ పద్దెనిమిదేళ్లుగా రోజూ నేరం చేస్తున్నట్టే. పట్టిక చూపించింది ఒక ఖాళీని. ఆ ఖాళీలో దొంగ అన్న మాటను రాసుకున్నవాళ్లు వేరే. అయినా ఆ ఖాళీని చదవడానికి అనువుగా అచ్చుతీసి చేతికిచ్చింది తనే. రేపు దేవిదాస్ బజారున పడితే, అతణ్ణి పడవేసిన చెయ్యి తనదవుతుంది.

శనివారం సగం పూటే పని. మిగిలిన సగం పూట జ్ఞానమ్మ కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. జాబితాను పక్కన పెట్టింది. జాబితా అంటే సంచికి కుట్టిన చీటీ వంటిదే. ఏ కార్డు ఏమిటో చీటీని అడగకుండా కార్డునే అడగాలి. సర్వరు ప్రతి మాటనూ దినచర్యలాగా రాసిపెడుతుంది. ఏ కార్డు, ఎన్ని గంటలకు, ఏం పంపింది అన్నవి అందులో ఉంటాయి. ఆమె ఈసారి క్వెరీని ఇలా రాసింది: ఒక్కొక్క కార్డు గంటకు ఎన్నిసార్లు మాట్లాడింది, ఏ రకం మాట మాట్లాడింది, ఏ వేళకు నిద్రపోయింది. ఒకే నడవడి ఉన్నవాటిని ఒక గుంపు చెయ్యి.

గుంపులు వాటంతట అవే విడిపోయాయి. కాంటా పగలూ రాత్రీ నాలుగు నిమిషాలకు ఒకసారి ఒక బరువు పంపుతుంది. గేటు బరువు పంపదు, టోకెను అందుకుంటుంది. ఆఫీసు యంత్రం ఆరు గంటలకు నోరు మూసుకుంటుంది. ఈ గుంపులను నవంబరు జాబితాతో పక్కపక్కన పెట్టింది. సోమవారం దాకా అక్షరం తేడా లేదు. మంగళవారం నుంచి యార్డులోని ఏడు కార్డులు తమ చీటీ మీద రాసిన పని మానేసి వేరే పని చేస్తున్నాయి. లారీ గేటు యంత్రంలో బండ్ల గేటు కార్డు, బండ్ల గేటు యంత్రంలో కాంటా కార్డు, కాంటా యంత్రంలో లారీ గేటు కార్డు. ఇక జాబితాలో లేని ఆ ఎనిమిదవది? అది పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా బరువులే పంపింది. ఒక్క టోకెను కూడా ముట్టుకోలేదు. ఒక్క బండినీ ఆపలేదు, ఒక్క లారీనీ లోపలికి పంపలేదు.

మరి అది ఎక్కడి నుంచి వచ్చింది? మిల్లులో ఉన్న పట్టికలన్నింటిలో ఆ సంఖ్యను వెతికే క్వెరీ ఒకటి రాసింది. పనికిరాదని తీసేసిన సామాను పట్టికలో అది దొరికింది. 2002లో అకౌంట్ల గది నుంచి తీసేసి గోదాములో పడేసిన కంప్యూటరు తాలూకు కార్డు. తీసేయమని సంతకం చేసింది కంప్యూటర్ విభాగం అధికారే. బయటిదని అభియోగంలో రాసిన వస్తువు, మిల్లు సొంత వస్తువు.

ఆదివారం ఆరాధన ముగియగానే ఆమె నిజామాబాద్ నుంచి బోధన్ బస్సెక్కింది. దేవిదాస్ గడప మీద కూర్చుని ఉన్నాడు. గంగుబాయి నీళ్ల చెంబు ఇచ్చి, "తిని పో బిడ్డా, గాయన శుక్రారం సంది సక్కగ తింటలేడు. నిన్ను సూసన్న తింటడు" అన్నది.

"కాకా, సోమవారం యార్డుల కార్డులు తీసినవా?" జ్ఞానమ్మ నేరుగా అడిగింది.

"తీసిన. మిల్లు ఆపినప్పుడల్ల తీస్త. వానకాలం గూడ తీస్త." అతను లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చి మూత తీశాడు. అడుగున గుప్పెడు పసుపు కొమ్ములు, వాటి మీద తెల్లటి గుడ్డ. "చీమలు బిడ్డా. చెక్కెర మిల్లుల చీమలుండక ఏడుంటయ్? ఆ తీపి దుమ్ము డబ్బలల్లకు పోతది, దాని ఎంబడి చీమలు పోతయ్. ఎన్కట ఒక్క సీజన్ల నాలుగు ఖరాబు జేసినయ్. గందుకే అన్ని తీసి, తుడిచి, పసుపు డబ్బల పెడ్త. పసుపుంటే చీమ రాదు. మల్ల ఎక్కిస్త."

"ఏ యంత్రానిది దానికే ఎక్కిస్తవా?"

అతను ఆమెను వింతగా చూశాడు. "అన్ని ఒక్క తీరుగనే ఉంటయ్ గద. చేతికేదొస్తే గది. అన్ని మిల్లువే. ఎనిమిదిల ఒకటి చీమలు తినేసినయ్, గోదాంల ఉన్న పాత డబ్బలకెళ్లి ఒకటి పీకి పెట్టిన. ఏం, గట్ల పెట్టద్దా?"

జ్ఞానమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయింది. ఒకరి నాగలి కర్రు ఇంకొకరి నాగలికి తొడిగి దున్నుకునే ఊళ్లలో పెరిగిన మనిషి, కార్డు కార్డుకూ ఒక పేరుంటుందని ఎందుకు అనుకుంటాడు? తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు అధికారి, ఇంకొకరు తను.

"గవ్విటికి పేర్లుంటయ్ కాకా. నవంబరుల నేను అన్ని పేర్లు రాసుకున్న. పేరును బట్టే టోకెను పోతది. నువ్వు మారిస్తే టోకెను గూడ మారుతది."

దేవిదాస్ డబ్బా మూత పెట్టాడు. "అంటే బండ్లు ఆగింది నా వల్లనేనా?"

"నీకు చెప్పనందుకు ఆగినయ్. నేను చెప్పలే."

"గిది అక్కడ చెప్పకు బిడ్డా. దొంగన్న మాట పోతది, బేకారోడనే మాట ఉంటది. నీ నౌకరి గూడ పోతది. నాకు యాభై నాలుగు. నీది ఇప్పుడే షురువైంది."

గంగుబాయి అడ్డం వచ్చింది. "అట్ల చెప్పకు అంటవు, మరి ఎట్ల బతుకుదామంటవు? ఆ పోరి ఆదివారం ప్రార్థన ఇడిసి బస్సెక్కి వచ్చింది నీ నీతులు వినడానికా?"

"ప్రార్థన అయినంకనే వచ్చిన అవ్వా" అన్నది జ్ఞానమ్మ. మూడు రోజుల్లో ఆ ఇంట్లో మొదటిసారి దేవిదాస్ నవ్వాడు.

మంగళవారం పదకొండు గంటలకు మిల్లు అతిథి గృహంలో విచారణ మొదలైంది. విచారణాధికారి నిజామాబాద్ నుంచి వచ్చిన వయసు మళ్లిన వకీలు. అభియోగం ఎదుర్కొనే మనిషికి సాయంగా తోటి పనివాడు ఒకడు కూర్చోవచ్చునని పద్ధతి. జ్ఞానమ్మ ఆ కుర్చీలో కూర్చున్నది. సాక్షిగా పిలవవలసిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అధికారికి నచ్చలేదు.

"ఈ పట్టిక నువ్విచ్చిందే కదా?" అన్నాడు.

"నేనిచ్చిందే సార్."

"ఇందులో ఒక కార్డు జాబితాలో లేదని నువ్వే రాశావు."

"రాసిన. జాబితాలో లేదు అంటే నా జాబితాల లేదు. బయటిది అని నేను రాయలే. ఆ మాట ఎవరు రాసిండ్రో వాళ్లు రుజువు చెయ్యాలె."

వకీలు కళ్లద్దాల మీదుగా చూశాడు. ఆమె మూడు కాగితాలు ఆయన ముందు పెట్టింది. మొదటిది శనివారం నాటి గుంపులు. రెండవది ఆ కార్డు రోజంతా పంపిన బరువులు, వాటిలో టోకెన్లు సున్నా. మూడవది తీసేసిన సామాను పట్టికలో అదే సంఖ్య, కింద అధికారి సంతకం. వకీలు సంఖ్యలోని పన్నెండు అక్షరాలనూ వేలితో ఒక్కొక్కటిగా పోల్చి చూశాడు. రెండుసార్లు చూశాడు.

"మరి టోకెన్లు తారుమారైంది వాస్తవమే కదమ్మా?"

"వాస్తవమే. కార్డులు మార్చింది దేవిదాస్ కాకనే. చీమలు పట్టకుండ తుడిచి పెట్టిండు, పదేండ్ల సంది పెడుతున్నడు, అందరికి తెలుసు. కార్డును బట్టి టోకెను పోయే నియమం నేను రాసిన, నవంబరుల. ఆ నియమం ఉన్నదని గాయనకు చెప్పమని నాకెవరు చెప్పలే. నేను చెప్పలే. చెప్పని నియమాన్ని తప్పిండని మనిషిని ఎట్ల తప్పు పడ్తరు సార్? తప్పు పట్టాల్నంటే నన్ను పట్టుండ్రి."

అధికారి ఏదో అనబోయాడు. వకీలు చెయ్యెత్తి ఆపి దేవిదాస్ వైపు తిరిగాడు. "నువ్వేమైనా చెప్పుకుంటావా?"

"చీమలు నిజమే సార్" అన్నాడు దేవిదాస్. "కావాల్నంటే ఇక్కడ గూడ ఉన్నయ్. మీ బిస్కిట్ల పళ్లెం ఎత్తి సూడుండ్రి."

వకీలు పళ్లెం ఎత్తి చూశాడు. తరువాత కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. బయటి పరికరమన్న ఆరోపణ అసత్యమని, దురుద్దేశమన్న ఆరోపణకు ఆధారం లేదని, నియమాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయని లోపం విభాగానిదని ఆయన రాశాడు. జ్ఞానమ్మ మీద ఒక్క వాక్యం రాశాడు: తన పొరపాటును తానే చెప్పుకున్నందున చర్య అనవసరం. పైసలిచ్చి పిలిపించిన మిల్లు వైపే మొగ్గుతాడని ఆమె ఆయనను కూడా ఒక గుంపులో వేసి పెట్టుకున్నది. ఆ తప్పునూ ఆమె అక్కడే దిద్దుకున్నది. న్యాయం దొరకడం హక్కే గాని దయ కాదు. అయినా కాగితాన్ని పూర్తిగా చదివే ఓపిక ఉన్న మనిషి ఎదురైనప్పుడు కృతజ్ఞత దానంతట అదే పుడుతుంది, దాన్ని ఆపనక్కరలేదు.

మేనేజరు అభియోగ పత్రాన్ని వెనక్కి ఇవ్వమని చెయ్యి చాపాడు. "ఇది రద్దయింది. ఫైలులో పడేస్తాం."

దేవిదాస్ ఇవ్వలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "వద్దు సార్. పద్దెనిమిదేండ్లల మిల్లు నా పేరు మీద రాసిన కాగితం గిదొక్కటే."

జ్ఞానమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని మళ్లీ చదివింది. ఆరోపణల కోసమే చదివిన కళ్లకు మొదటి వాక్యం అంతవరకు ఆనలేదు. నేరాన్ని పెద్దదిగా చూపించాలన్న ఆత్రంతో ఎవరో ఇలా రాశారు: మిల్లు ఉద్యోగివై, 1986 నుంచి పద్దెనిమిది సంవత్సరాలుగా యాజమాన్యం నీ మీద ఉంచిన నమ్మకాన్ని వంచించావు. కింద మేనేజరు సంతకం, మిల్లు ముద్ర.

మరునాడు పొద్దున్నే ఇద్దరూ ముప్పై ఎనిమిది యంత్రాల మూతలు తీశారు. ఒక్కొక్క కార్డు మీదా దాని యంత్రం పేరు సిరాతో రాసి అంటించారు. దేవిదాస్‌కు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఒక్కొక్కటి ఆమె చూపిస్తూ పోతే, మధ్యాహ్నానికి అతనే చదవసాగాడు, అంకెలు మరాఠీలో, అక్షరాలు ఇంగ్లీషులో. "నీ అంత తొందరగ రాదు గని బిడ్డా, వస్తది" అన్నాడు. చదువుకు కూడా చేయి కావాలి, చేయికి కూడా చదువు కావాలి అని ఆమె ఆ రోజు అనుకున్నది, ఇన్నాళ్లూ తను మాత్రమే నేర్చుకుంటూ వచ్చినందుకు కొంచెం సిగ్గుపడుతూ.

అభియోగ పత్రం నకలుతో వాళ్లు నిజామాబాద్ కార్మిక శాఖకు వెళ్లారు. ఒకసారి కాదు, పదకొండుసార్లు వెళ్లారు. 2005 నవంబరులో చెరుకు ఆడటం మొదలైననాడు సీజను ఉద్యోగుల మస్టరులో దేవిదాస్ పేరు చేర్చమని ఆదేశం వచ్చింది. కంప్యూటరులో ఆ పేరు ఎక్కించే పని జ్ఞానమ్మదే. చేరిన సంవత్సరం 2005 అని వెయ్యమని అధికారి పక్కన నిలబడి చెప్పాడు. ఆమె 1986 అని కొట్టింది.

"పాత సంవత్సరం ఎందుకమ్మా?"

"నేను రాయలే సార్" అన్నది జ్ఞానమ్మ, అభియోగ పత్రం నకలు ఆయన ముందుకు జరుపుతూ. "మీరే రాసిండ్రు."